పెరటి పుంజు: వాడకు ఒకటి నుంచి గోడకు ఒకటి దాకా

హనుమకొండ శివార్లలోని మా కాలనీలో నాలుగైదు ఇళ్లలో పెరటి కోళ్లున్నాయి. అంగట్లో పిల్లల్ని కొన్నప్పుడు ఏది పుంజో ఏది పెట్టో ఎవరికీ తెలియదు. మూడు నాలుగు నెలలయ్యేసరికి నెత్తిమీది జుట్టు ఎర్రబడుతుంది, తోక ఈకలు వంపు తిరుగుతాయి, ఒకనాడు తెల్లారకముందే బొంగురు గొంతుతో కూత మొదలవుతుంది. ఇక ఆ ఇంట్లో అదే చర్చ. ఉంచుదామా, కోద్దామా, ఊరికి పంపుదామా? పక్కింటివాళ్లు ఏమంటారోనన్న టెన్షన్ వేరు.

పరకాల దగ్గరి పల్లెలో పెరిగిన మా అమ్మమ్మకు ఈ చర్చే వింతగా ఉంటుంది. వాళ్ల వాడలో కోళ్లకు గోడలు లేవు. పొద్దున గంప ఎత్తితే అన్నిళ్ల కోళ్లూ ఒకే పెంటకుప్ప దగ్గర చేరేవి. బలమైన పుంజు ఒకటి ఎవరింట్లో ఉన్నా చుట్టుపక్కల పెట్టలన్నిటికీ అదే దిక్కు. మిగతా పుంజులు దసరాకో, చుట్టం వస్తేనో కూరయ్యేవి, లేదంటే అంగడికి వెళ్లేవి. ఈ ఏర్పాటు సాగడానికి కోడి శరీరంలోనే కారణం ఉంది. ఎనిమిది పది పెట్టలకు ఒక్క పుంజు చాలు. ఒకసారి జత కట్టిన పెట్ట ఆ తర్వాత పది రోజుల దాకా పిల్లలయ్యే గుడ్లు పెట్టగలదు. పుంజు రోజూ మన పెరట్లోనే ఉండక్కర్లేదు, ఆ దారిన వచ్చిపోతే చాలు. అందుకే పుంజును ఉంచాలా వద్దా అన్నది అప్పుడు ఏ ఒక్క ఇంటి సమస్యా కాలేదు.

పుంజును ఉంచుకోవడానికి మొక్కు ఇంకో కారణం. పోచమ్మకు అనుకున్న పుంజును అమ్మరు, చుట్టాలకు కోయరు. రెండేళ్లకోసారి వచ్చే మేడారం జాతరలో సమ్మక్క తల్లిని చిలుకలగుట్ట నుంచి గద్దెకు తెస్తుంటే భక్తులు కోళ్లను ఎదురుగా ఎగరేసి, అంటే ఎదురుకోళ్లతో, స్వాగతం పలుకుతారు. ఆ జాతర కోసం నెలల ముందు నుంచే పుంజును మేపే ఇళ్లు మన వైపు ఇప్పటికీ ఉన్నాయి. ఆ ఇంట్లో పుంజు లెక్క గుడ్ల లెక్కలో కలవదు.

పందెం కూడా పాతదే. కాకతీయుల ఓరుగల్లు వీధులను కళ్లకు కట్టే క్రీడాభిరామం అనే పాత తెలుగు నాటకంలో కోడిపందెం వర్ణన ఉంది. దాన్ని మన సంప్రదాయమని సమర్థించడానికి మాత్రం నాకు మనసు రాదు. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం, 1974 నాటి జూద చట్టం రెండూ పందేన్ని నేరంగానే చూస్తాయి. 2021 ఫిబ్రవరిలో జగిత్యాల జిల్లాలో పందేనికి తెచ్చిన పుంజు కాలి కత్తే గుచ్చుకుని దాని యజమాని చనిపోయాడు. పెరటి పుంజును పందెం పుంజుగా చూసే అలవాటు పోవాలి.

పుంజు పని అసలు తగ్గింది ఫారాలు వచ్చాక. 1971లో బి.వి. రావు వెంకటేశ్వర హేచరీస్ మొదలుపెట్టారు. ఆ తరం వ్యాపారంతో గుడ్డు పంజరంలోకి వెళ్లింది. పుంజు లేకపోయినా పెట్ట గుడ్డు పెడుతుంది, అది పిల్ల కాదు, అంతే. గుడ్ల కోసం పెంచే జాతుల్లో పుంజుపిల్లల్ని పుట్టిన రోజే చంపేయడం హేచరీల్లో మామూలు. ఇది చెప్పడానికే బాధగా ఉంటుంది. 1988లో కోళ్ల పరిశోధన కోసం మొదలైన హైదరాబాద్ రాజేంద్రనగర్ కేంద్రం తర్వాత పెరటి కోసమే వనరాజా, గ్రామప్రియ రకాలను తయారు చేసింది. నాటు పెట్ట ఏడాదికి 50 నుంచి 70 గుడ్లు పెడితే, గ్రామప్రియ 150 దాటుతుంది. కానీ ఇవి పొదుగుకు కూర్చోవు. వాటి గుడ్లను వేరే పెట్ట కింద పెట్టి పొదిగించినా పిల్లలకు తల్లి గుణాలన్నీ రావు. కొత్త పిల్లలు కావాలంటే మళ్లీ కొనుక్కోవాల్సిందే. అలా వాడ పుంజుకు పని లేకుండా పోయింది. ఆ తర్వాత ప్లాట్లు, ప్రహరీలు వచ్చాయి. ఒకప్పుడు వాడంతా పంచుకున్నదాన్ని ఇప్పుడు ఒక్కో ఇల్లు ఒంటరిగా తేల్చుకోవాలి.

ఎండాకాలం సంగతి చాలామంది పట్టించుకోరు. పుంజుతో కలిసిన పెట్ట గుడ్డులో వేడి సుమారు 27 డిగ్రీలు దాటితే పిండం మెల్లగా పెరగడం మొదలవుతుంది. మే నెలలో వరంగల్ ఎండ 40 దాటుతుంది. రెండు మూడు రోజులు గంపలో మరిచిపోయిన గుడ్డు కొట్టి చూస్తే నెత్తురు గీతలు కనిపించేది అందుకే. పుంజు ఉన్న ఇంట్లో ఎండాకాలం గుడ్లు రెండు పూటలా ఏరాలి, వెంటనే చల్లటి చోట పెట్టాలి. పుంజు లేని ఇంటి గుడ్లకు ఈ బెడద లేదు.

ఇక కూత. గంప కమ్మితే ఆగుతుందంటారు. 2013లో జపాన్‌లోని నగోయా విశ్వవిద్యాలయం పరిశోధకులు పుంజుల్ని రోజంతా ఒకే మసక వెలుతురులో ఉంచి చూశారు. అయినా అవి లోపలి గడియారం ప్రకారమే కూశాయి. మామూలుగా వెలుతురు రావడానికి రెండు గంటల ముందే కూత మొదలవుతుందని తేల్చారు. గంప కమ్మి పుంజు నోరు కట్టలేం. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు నివాస ప్రాంతాల్లో రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా 45 డెసిబెల్స్ పరిమితి పెట్టాయి. అందులో కోళ్ల ఊసు లేదు. నాలుగు గంటలకే లేచిన పసిపాప తల్లికి ఆ చట్టం ఎందుకు? పొరుగువాళ్లను ముందే అడగడమే మర్యాద.

నా మటుకు గుడ్లే కావాలనుకునేవాళ్లు, గ్రామప్రియలు పెంచేవాళ్లు పుంజును ఉంచక్కర్లేదు. నాటు పెట్టల్ని పొదగేసి మంద నిలుపుకోవాలనుకునేవాళ్లకు పుంజు కావాలి. కొక్కెర రోగం వచ్చి మందలో చాలా కోళ్లు పోయినప్పుడు పుంజు లేని లోటు తెలుస్తుంది. కానీ ఐదు పెట్టలకు రెండు పుంజులుంటే పెట్టల వీపు ఈకలు ఊడిపోతాయి, పుంజులు నెత్తురు కారేలా కొట్టుకుంటాయి.

మా వీధిలో ఇప్పుడు ఒక్కటే పుంజు ఉంది. ఖాళీ ప్లాటు పక్కనున్న చివరి ఇంట్లో ఉంటుంది. పొదగేయాలనుకున్నవాళ్లు తమ పెట్టను పదిరోజులు అక్కడ వదిలి, తవుడో నూకలో ఇచ్చి తెచ్చుకుంటారు. పుట్టిన పిల్లల్నే మళ్లీ దానితో జత కట్టించకూడదని, రెండేళ్లకోసారి దాన్ని ఊళ్లో ఇచ్చి వేరే పుంజును తెస్తాం. పోయినసారి తెచ్చింది అమ్మమ్మ వాళ్ల వాడ నుంచే.