సౌండ్ బల్ల వెనక నుంచి: సోమాలీ పెళ్లి ఆటపాటల మీద అపోహలు - వాస్తవాలు

మినియాపొలిస్‌లో పెళ్లి కార్యక్రమాలకు సౌండ్ చూడటం నా పని. మైకులు, స్పీకర్లు, మిక్సర్, వాటి తలనొప్పులు. హాల్లోకి మగవాళ్లు అడుగుపెట్టకూడని రాత్రులు ఈ ఊళ్లో చాలా ఉంటాయి. వాటికి ఆడ టెక్నీషియన్లే కావాలి. అందుకే నాకొచ్చే పనిలో ఎక్కువ భాగం సోమాలీ పెళ్లిళ్లే. 1991లో ఆఫ్రికాలోని సోమాలియాలో ప్రభుత్వం కూలిపోయాక దేశం విడిచినవాళ్లలో చాలామంది ఈ ఊరున్న మిన్నెసోటా రాష్ట్రం చేరారు. అమెరికాలో సోమాలీలు ఎక్కువగా ఉన్నది ఇక్కడే. ఇప్పుడు పెళ్లికూతుళ్లుగా కూర్చుంటున్నది ఇక్కడే పుట్టి పెరిగిన ఆడపిల్లలు.

నేను చేసే పని తెలిసిన తెలుగువాళ్లు అడిగే ప్రశ్నలు ఇంచుమించు ఒకేలా ఉంటాయి. కొన్ని ఉత్త అపోహలు. కొన్నిట్లో సగం నిజం ఉంది.

అపోహ: ముస్లింల పెళ్లి కదా, డాన్సులేం ఉంటాయి?

హాల్ వాళ్లు లైట్లార్పి బయటికి పంపేదాకా ఉంటాయి. నికాహ్ వేరు, 'అరూస్' అనే పెళ్లి సంబరం వేరు. ఆ తర్వాత కొత్త పెళ్లికూతురి తలకు ఆడవాళ్లు పట్టు రుమాలు కట్టే 'షాష్ సార్' ఇంకో వేడుక. అది పూర్తిగా ఆడవాళ్లదే. నా పని ఎక్కువగా పడేది అక్కడే.

అలాగని అందరిదీ ఒకే దారి కాదు. కొన్ని ఇళ్లలో డోలు కూడా వద్దంటారు, చప్పట్లు చాలంటారు. కొందరు డోలు సరేగాని కీబోర్డు వద్దంటారు. బుకింగ్‌కి ఫోన్ చేస్తే నేను మొదట అడిగేది ఇదే. వద్దనేది ఎప్పుడూ ముసలివాళ్లే అనుకుంటే పొరపాటు. అమ్మమ్మ డోలు కావాలని పట్టుబడితే మనవరాలు మతంలో తప్పని అడ్డుపడిన ఇళ్లున్నాయి. గత నలభై యాభై ఏళ్లలో సోమాలీల్లో మతపరమైన పట్టింపు పెరిగింది, ఆ అమ్మమ్మ అంతకు ముందు కాలంలో పెరిగిన మనిషి. పాతకాలం వాళ్లంటే ఛాందసులు, కుర్రకారంటే స్వేచ్ఛ అనే లెక్క ఇక్కడ పనిచేయదు.

అపోహ: బురాన్‌బుర్ అంటే ఒక రకం డాన్స్

వీడియోల్లో చూసినవాళ్లకు అలాగే అనిపిస్తుంది. దిరా అనే పల్చటి గౌను తొడుక్కున్న ఒకరో ఇద్దరో ఆడవాళ్లు గుంపు మధ్యలోకి దూకి, గర్బసార్ అనే పైబట్టను రెండు చేతులతో చాచి పట్టుకుని, వేగంగా అడుగులేస్తూ ఎగురుతుంటారు. చుట్టూ చప్పట్లు, డోలు. మష్‌హరద్ అని గొంతు సాగదీసి, నాలుక ఆడిస్తూ వేసే ఆ కేక మైక్‌కి దగ్గరగా పడితే నా మీటర్లన్నీ ఎర్రబడతాయి.

కానీ బురాన్‌బుర్ అసలు పద్యం. సోమాలీ సాహిత్యంలో మగవాళ్ల గంభీరమైన పద్యం గబయ్, ఆడవాళ్లది బురాన్‌బుర్. పద్యమంతా ఒకే అక్షరం మీద నడవాలి. మొదటి పాదంలో 'బ' ఎత్తుకుంటే ప్రతి పాదంలోనూ 'బ'తో మొదలయ్యే మాట పడాలి, చివరిదాకా. అచ్చులన్నీ ఒకదానికొకటి చెల్లుతాయి, అదొక్కటే వెసులుబాటు. యతిప్రాసలు తెలిసిన మనకు ఇది ఎంత కష్టమో వేరే చెప్పక్కర్లేదు. దీనికి ఛందస్సు కూడా ఉంది. సోమాలీ పద్యాల గణాల లెక్కను గార్రియే అనే కవి 1976లో పత్రికలో రాసి వివరించాడు. అంతకుముందు తరతరాల ఆడవాళ్లు చెవితోనే ఆ లెక్క తప్పకుండా పద్యాలు కట్టారు.

ఆ పద్యంలో ఏముంటుందంటే, పెళ్లికూతురి పొగడ్త, తల్లి పెంపకం, రెండు వైపుల వంశాలు, కాపురం గురించి నాలుగు మంచి మాటలు. అన్నీ ఆ రోజుకీ ఆ మనుషులకీ తగ్గట్టు ఉంటాయి. పెళ్లికొక్కటే దాని పని అనుకోకండి. 1960లో స్వాతంత్ర్యం రాకముందు వలస పాలన మీద ఆడవాళ్లు ఎక్కుపెట్టిందీ ఈ పద్యమే.

ఇక డాన్స్ ఎక్కడొస్తుందంటే, పద్యంలో తమవాళ్ల ప్రస్తావన రాగానే ఆ వైపు ఆడవాళ్లు లేచి మధ్యలోకి దిగుతారు. పిన్నిని పొగిడితే అక్క కూతురు దిగుతుంది. చదివే ఆమె మీద డాలర్ నోట్లు పడతాయి. అడుగులు నేర్చుకోవడం ఒక సాయంత్రం పని. ఏ మాటకి లేవాలో తెలియడం అసలు కష్టం. మాట చెవిన పడకపోతే డాన్స్ లేదు, అందుకే ఆ రాత్రి నా పని డోలు వినిపించడం కాదు, పద్యం వినిపించడం. డోలు దానంతటదే వినిపిస్తుంది. డోలు దొరక్కపోతే ఖాళీ ప్లాస్టిక్ నూనె క్యాన్ తిరగేసి కొడతారు, నిజం చెప్పాలంటే మైక్‌లో అదే బాగుంటుంది. చదివేవాళ్ల గొంతుకు ఎకో పెట్టమని ఎవరైనా అడిగితే నేను ఒప్పుకోను. ఎకో పెడితే మాట మాటా అతుక్కుపోయి, ఎవరి పేరు వచ్చిందో ఎవరికీ తెలియదు.

చాలామంది తెలంగాణవాళ్లు "మా బతుకమ్మ లాంటిదే కదక్కా" అంటారు. ఆడవాళ్లు, చప్పట్లు, పాట వరకు పోలిక సరిపోతుంది. బతుకమ్మలో అందరూ ఒకే అడుగుతో తిరుగుతారు, ఉయ్యాల పాట అందరికీ వచ్చినదే. ఇక్కడ పద్యం చాలాసార్లు ఆ పెళ్లికే కట్టింది, ఆడేది ఒకరిద్దరు, మిగతావాళ్లు వాళ్లను నిలబెట్టేవాళ్లు.

అపోహ: అమెరికాలో పుట్టిన పిల్లలకు ఇవేం వస్తాయి, అమ్మలతోనే పోతాయి

నేను అన్నిటికంటే గట్టిగా కాదనేది దీన్నే.

ముందు ఒప్పుకోవాల్సింది ఒప్పుకుంటాను. ఇక్కడి అమ్మాయిల్లో చాలామందికి సోమాలీ ఇంటి భాష మాత్రమే. పద్యాల్లో ఒంటెల రకాలు, వానాకాలాల పేర్లు, మేత బీళ్ల మాటలు వస్తే బిక్కమొహం వేస్తారు. అప్పటికప్పుడు ఆశువుగా పద్యం కట్టగలిగేవాళ్లు ఈ తరంలో తక్కువ. పేరున్న పెద్దావిడలను డబ్బిచ్చి పిలిపించుకునే పెళ్లిళ్లు అందుకే పెరిగాయి.

కానీ ఆ అమ్మాయిలు చేస్తున్న పని చూడండి. పెళ్లికి కొన్ని వారాల ముందు నుంచే పెళ్లికూతురి స్నేహితురాళ్లు ఎవరి ఇంట్లోనో చేరతారు. ముందు నేర్చుకునేది చప్పట్లు. డోలు దెబ్బకీ దెబ్బకీ మధ్య ఇరికించి కొట్టే చప్పట్లు అంత తేలిక కాదు, నాకు ఇప్పటికీ జారిపోతాయి. అత్తలూ పిన్నులూ వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌లుగా పద్యాలు పంపుతారు. నైరోబీ నుంచి ఒకరు, హర్‌గేసా నుంచి ఇంకొకరు. అమ్మాయిలు వాటిని విని రోమన్ లిపిలో ఫోన్‌లో రాసుకుంటారు. సోమాలీకి ఆ లిపి అధికారికంగా వచ్చింది 1972లోనే. తల్లులు తలలో దాచుకున్న పద్యం కూతుళ్ల చేతిలో తెర మీద ఉంటుంది. చూసి చదివితే ముసలమ్మలు వెక్కిరిస్తారు, అయినా చప్పట్లు మాత్రం ఆపరు.

ఇల్లు దాటి నేర్చుకునే చోట్లు కూడా ఉన్నాయి. ఈ ఊళ్లోనే 2013లో పెట్టిన సోమాలీ మ్యూజియం ఉంది. దాని డాన్స్ బృందంలో కుర్రవాళ్లూ అమ్మాయిలూ పాత ఆటలు నేర్చుకుని వేదికలెక్కుతారు. లండన్‌లో ఏటా సోమాలీ సాంస్కృతిక వారం జరుగుతుంది. కానీ నా అభిప్రాయంలో వేదిక మీద నేర్చుకున్నదానికంటే షాష్ సార్ రాత్రి పిన్ని చెయ్యి పట్టి మధ్యలోకి లాగినప్పుడు వచ్చేదే నిలుస్తుంది. స్టేజి మీద ఎనిమిది మందీ ఒకేసారి చెయ్యెత్తుతారు, చూడటానికి బాగుంటుంది. పెళ్లిలో ఎవరు ఎప్పుడు లేస్తారో ముందుగా ఎవరికీ తెలియదు.

ఈ తరం మార్చినవీ ఉన్నాయి. పద్యంలో తెగల గొప్పలు వద్దని ముందే చెప్పే పెళ్లికూతుళ్లను చూస్తున్నాను. ఆ గొప్పల పేరుతోనే అక్కడ యుద్ధం జరిగిందని వాళ్లకు తెలుసు. తెగ బదులు అమ్మనీ అమ్మమ్మనీ పొగడమంటారు. పెద్దావిడలు సణుగుతారు, తర్వాత అలాగే కడతారు. మరీ ఉత్సాహమొస్తే చెప్పకుండా రెండు పాదాలు తెగ మీద కూడా జారవిడుస్తారు, అప్పుడు హాల్లో సగం మంది లేస్తారు, పెళ్లికూతురు తల పట్టుకుంటుంది.

ఉత్తర ప్రాంతాల కుటుంబాల్లో హేడో అని ఇంకొకటుంది. ఎండుమాంసం ముక్కలు నేతిలో వేసి, ఖర్జూరంతో కలిపి బుట్టలో పెట్టి, పెళ్లికూతురిలా బట్టలు చుట్టి, తాళ్లతో చిక్కుముడులు వేసి ఆడపెళ్లివారు పంపుతారు. మగపెళ్లివారు తాడు కోయకుండా విప్పాలి. విప్పేంతసేపూ అటూ ఇటూ పద్యాలు, ఎకసెక్కాలు. ఇక్కడ పుట్టిన అమ్మాయిలు మొదటి పద్యం కట్టేది ఎక్కువగా దీనికే, ఎందుకంటే ఎగతాళి పద్యంలో తప్పు దొర్లినా నవ్వులో కలిసిపోతుంది.

అపోహ: ఫోన్లు లాక్కుంటారంటే వెనకబాటుతనమే

గుమ్మం దగ్గర కెమెరా మీద స్టిక్కర్ అంటిస్తారు, లేదా ఫోన్ సంచీలో పెట్టి ముడేస్తారు. లోపల హిజాబ్‌లు తీసేస్తారు. దిరా అంటే వెలుగు అవతలికి కనిపించేంత పల్చటి బట్ట. కింద మెరిసే గూగరద్ లంగా మాత్రం కనిపించాలనే తొడుగుతారు. ఆ వేషంలో ఎగిరి ఆడుతుంటే ఎవరో క్లిప్ తీసి టిక్‌టాక్‌లో పెడితే, ఆ అమ్మాయి బడిలో, మసీదులో, అత్తగారింట్లో సమాధానం చెప్పుకోవాలి. ఆ టెన్షన్ లేనప్పుడే వాళ్లు అలా ఆడగలరు. సౌండ్ రికార్డింగ్ కూడా ఎవరైనా అడిగితే నేను పెళ్లికూతురి తల్లిని అడగకుండా బటన్ నొక్కను. దీని వల్ల మంచి పద్యాలు ఎన్నో ఎక్కడా మిగలకుండా పోతున్నాయి, ఆ బాధ నాకూ ఉంది. కానీ అది నేను తేల్చాల్సిన లెక్క కాదు.

అపోహ: ఆడా మగా విడివిడిగా ఆడటమే వాళ్ల అనాది సంప్రదాయం

ఇందులో పొరపాటు రెండు చోట్ల ఉంది. 'డాంతో' అనే ఆటను చూడండి. ఇథియోపియాలోని సోమాలీ ప్రాంతం, జిగ్‌జిగా వైపు ఆట ఇది. ఒంటె నడకలా మెడా భుజాలూ ఊగుతాయి. అబ్బాయిలూ అమ్మాయిలూ ఎదురెదురు వరసల్లో నిలబడి, పాటలో ఒకరినొకరు కవ్విస్తూ ఆడతారు. పశువుల కాపరుల సమాజంలో పెళ్లి చూపుల పని ఇలాంటి ఆటలే చేశాయి. మినియాపొలిస్ హాల్లో ఆడవాళ్లే రెండు వరసలుగా చీలి, ఒక వరస మగవాళ్ల పాట పాడటం కొత్త ఏర్పాటు. అబ్బాయి వరసలో నిలబడాలని అమ్మాయిలు పోటీ పడతారు, వెక్కిరింపు పాదాలన్నీ అటే ఉంటాయి మరి.

'అనాది' అన్న మాటా నిలవదు. 1899 నుంచి 1920 దాకా బ్రిటిష్‌వాళ్లతో పోరాడిన దెర్విష్‌ల కాలంలోనే డాంతోకి మళ్లీ ఊపు వచ్చిందని చెబుతారు. ఒక భుజం మీద ముడేసే గుంతీనో ఒకప్పుడు రోజూ కట్టే బట్ట, ఇప్పుడు 'కల్చర్ నైట్' వేషమైంది. దిరాలేమో ఇక్కడి కార్మెల్ మాల్‌లో ఏ కొత్త డిజైన్ దిగితే అదే.

అపోహ: సోమాలీ డాన్స్ అంటే అంతా ఒకటే

వాయవ్యాన 'జాన్‌డేర్' అనే ఆట, దక్షిణాన షబేలీ నది వైపు 'వలసకో', మధ్య ప్రాంతంలో 'షిరిబ్'. ఇవి కొన్నే. అక్కడ ఒక ఊరివాళ్లు ఇంకో ఊరి ఆట చూసి ఉండకపోవచ్చు. ఇక్కడ ఒకే బల్ల చుట్టూ కిస్మాయో అమ్మాయి, హర్‌గేసా అమ్మాయి, జిగ్‌జిగా అమ్మాయి కూర్చుంటారు కాబట్టి అందరికీ అన్నీ కొంచెం కొంచెం వస్తున్నాయి. నడుము తిప్పే 'నీకో' అనే ఆటను మాత్రం పెద్దలు చాలామంది ఆటల్లో లెక్కవేయరు, సిగ్గుమాలినతనం అంటారు. రాత్రి ఒంటిగంట దాటాక ఆ మాట అన్నవాళ్లే ముందు లేవడం నేను చూశాను, పేర్లు చెప్పను.

అపోహ: హైదరాబాద్ మర్ఫా కూడా ఇదే కదా

కాదు. మర్ఫా యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బులతో, నిజాం కొలువులో ఉన్న, ఆఫ్రికా మూలాలున్న సిద్దీలతో ముడిపడిన వాయిద్యం. సోమాలీలతో హైదరాబాద్‌కున్న సంబంధం ఈ కాలానిది. చదువుకోవడానికి, వైద్యానికి వచ్చి టోలీచౌకి వైపు ఉండేవాళ్లు. ఆఫ్రికా అనగానే అన్నిటినీ ఒక గాటన కట్టేయకండి.

అపోహ: పిలిస్తే వెళ్లి ఓ మూల కూర్చుని చూసి రావచ్చు

కూర్చోనివ్వరు. ఆడవాళ్లయితే లాగేస్తారు, కాబట్టి చప్పట్లు వరకైనా ఇంట్లో ప్రాక్టీస్ చేసుకుని వెళ్లండి. అడుగు రాకపోతే ఎవరూ ఏమీ అనరు, కొట్టకుండా చేతులు కట్టుకుని నిలబడితే మాత్రం చూస్తారు. ఉన్సి ధూపం పట్టిస్తారు, చీరకు ఆ వాసన వారం రోజులు పోదు. ఇంక కార్డు మీద ఆరింటికి అని ఉంటే పదిలోపు వెళ్లకండి. ఆరింటికి అక్కడ ఉండేది నేనూ, హాల్ ఊడ్చే ఆవిడా.