ఆయాసంతో బతికేవాళ్లకు పాలియేటివ్ కేర్: అపోహలు - వాస్తవాలు

తిరుపతిలో పాలియేటివ్ కేర్, అంటే తీవ్రమైన జబ్బుతో బతికేవాళ్ల బాధను తగ్గించే వైద్యం, చేసే డాక్టరుగా పనిచేస్తున్నాను. సీఓపీడీ (ఊపిరితిత్తుల్లో గాలి దారులు ఇరుకైపోయి ఆయాసం తెచ్చే దీర్ఘకాలిక జబ్బు) ఉన్నవాళ్లను నా దగ్గరికి పంపితే కొడుకో కూతురో నన్ను పక్కకు పిలిచి మెల్లగా అడుగుతారు: "ఏం మేడం, నాయనను ఇంక ఇంటికి తీసుకుపొమ్మంటారా?" ఆ భయం పోగొట్టడానికే ఇది రాస్తున్నాను.

అపోహ: పాలియేటివ్ కేర్ అంటే డాక్టర్లు చేతులెత్తేసినట్టే.

వాస్తవం: ఇన్హేలర్లు, ఆక్సిజన్, అవసరమైతే అడ్మిషన్, ఏదీ ఆపం. వాటితో పాటే ఆయాసం, నిద్రలేమి, దిగులు, చూసుకునేవాళ్ల అలసట కూడా పట్టించుకుంటాం. ఈ జబ్బు ఏళ్ల తరబడి సాగుతుంది. ఉన్నట్టుండి ముదురుతుంది, మళ్లీ తేరుకుంటారు, కానీ మునుపటి ఓపిక రాదు. ఏది ఆఖరిసారో ముందుగా తెలియదు కాబట్టి "చివర్లో చూద్దాంలే" అంటే కుదరదు. ఒకప్పుడు అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కిన మనిషి ఇప్పుడు స్నానం చేసొచ్చి మంచం మీద కూలబడుతున్నాడా? మా దగ్గరికి రావాల్సింది అప్పుడే. ఆయాసం తగ్గని 105 మందిపై లండన్‌లో చేసిన అధ్యయనం 2014లో వెలువడింది. ఛాతీ డాక్టర్లు, పాలియేటివ్ డాక్టర్లు, ఫిజియోథెరపిస్టులు కలిసి చూసినవాళ్లకు ఆయాసాన్ని తట్టుకునే పట్టు పెరిగింది. వాళ్లలో సీఓపీడీ, ఐఎల్‌డీ (ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బులు) ఉన్నవాళ్లు ఆరు నెలల తర్వాత ఎక్కువమంది బతికున్నారు కూడా.

అపోహ: మార్ఫిన్ (నొప్పికి, ఆయాసానికి వాడే నల్లమందు జాతి మందు) ఇస్తే ఊపిరి ఆగిపోతుంది.

వాస్తవం: మిగతా మందులన్నీ సరిగ్గా వాడినా కూర్చున్నచోటే ఆయాసపడేవాళ్లకు, చాలా చిన్న మోతాదులో, దగ్గరుండి గమనిస్తూ ఇస్తాం. కొందరికి పనిచేస్తుంది, కొందరికి చేయదు. చేయకపోతే ఆపేస్తాం. మలబద్ధకం మాత్రం దాదాపు ఖాయం, అందుకే దానికి మందు మొదటి రోజు నుంచే రాస్తాం.

అపోహ: ఆయాసం వస్తే ఆక్సిజన్ పెట్టాల్సిందే.

వాస్తవం: రక్తంలో ఆక్సిజన్ ఎప్పుడూ బాగా తక్కువగా ఉండేవాళ్లకే అది మేలు చేస్తుంది, అదీ రోజుకు కనీసం 15 గంటలు వాడితే. ఆవును అమ్మి కాన్సంట్రేటర్ (గాలి నుంచి ఆక్సిజన్ తీసిచ్చే మిషన్) కొనేముందు దయచేసి ఒకసారి పరీక్ష చేయించండి. మిగతావాళ్లకు ముఖానికి చల్లగాలి తగిలేలా చిన్న చేతి ఫ్యాన్ పెట్టినా హాయిగా ఉంటుంది. ముందుకు వంగి, మోచేతులు మోకాళ్ల మీద ఆనించి, దీపం ఆర్పుతున్నట్టు పెదాలు ముడిచి మెల్లగా ఊపిరి వదలమనండి.

మొదటిసారి వచ్చేటప్పుడు ఇన్హేలర్లు, పాత ఎక్స్‌రేలు, మందుల చీటీలు తెచ్చుకోండి. రాత్రి పక్కన పడుకునే మనిషినీ వెంట తీసుకురండి. ఎన్నిసార్లు లేచి కూర్చున్నారో పేషెంట్ చెప్పరు, వాళ్లు చెబుతారు.