ఒంటెద్దు పార్టీలు

చిన్నీకి, బాబీకి,

తాతయ్య దీవెనలు. "ఆఫ్రికాలోని లెసోతో దేశంలో ఐదేళ్లలో మూడుసార్లు ఎన్నికలు పెట్టారట, వాళ్లకి ఓటెయ్యడమంటే అంత సరదానా?" అని అడిగింది చిన్నీ. సరదా కాదమ్మా, గతిలేక!

మా చిన్నప్పుడు ఊళ్లో ఒంటెద్దు రైతులే ఎక్కువ. మా ఎద్దునీ పక్కింటివాళ్ల ఎద్దునీ ఒకే కాడికి కట్టి, ఒకరోజు మా చేను, మర్నాడు వాళ్ల చేను దున్నేవాళ్లు. మాది ఎర్రెద్దు, ఒక కొమ్ము విరిగింది. బెల్లం ముక్క కోసం నా జేబు నాకేది. సరే, దాని సంగతి మొదలెడితే ఉత్తరం చాలదు. పెద్దవాళ్లకి మాట తేడా వచ్చిందంటే ఒకాయన తన ఎద్దును విప్పుకుపోయేవాడు. నాగలి సాల్లోనే ఆగిపోయేది.

లెసోతోలో 1998లో ఒకే పార్టీకి 80 సీట్లలో 79 వచ్చాయి. ఓడినవాళ్లు ఒప్పుకోలేదు. రాజధాని మసేరు తగలబడింది, దక్షిణాఫ్రికా, బోట్స్వానా సైన్యాలు దిగాయి. ఆ తర్వాత చిన్న పార్టీలకూ చోటు దొరికేలా పద్ధతి మార్చి, సీట్లు 120 చేశారు. మంచి పనే. కానీ పోనుపోను అన్నీ ఒంటెద్దు పార్టీలయ్యాయి, ఏ ఒక్కదానికీ సగం సీట్లు రాలేదు.

2012లో టామ్ తబానే పార్టీకి వచ్చినవి 30. ఇంకో రెండు పార్టీలను జత కట్టి, సగం కన్నా ఒక్కటే ఎక్కువ, సరిగ్గా 61తో ప్రధానిగా గద్దెనెక్కాడు. రెండేళ్లకే జత చెడింది. అవిశ్వాసం పెడతారని పార్లమెంటునే వాయిదా వేయించాడు. 2014 ఆగస్టులో సైన్యం మసేరు పోలీసు స్టేషన్ల మీద పడితే దక్షిణాఫ్రికాకు పారిపోయాడు. అప్పటి దక్షిణాఫ్రికా ఉపాధ్యక్షుడు సిరిల్ రామఫోసా మధ్యవర్తిగా వచ్చి, 2017లో జరగాల్సిన ఎన్నికలను ముందుకు, 2015 ఫిబ్రవరికి జరిపించాడు. ఈసారి, తబానే కన్నా ముందు ప్రధానిగా చేసిన మొసిసిలి ఏడు పార్టీలను కట్టాడు. ఏడెద్దుల కాడి ఎక్కడైనా చూశారా? 2017 మార్చిలో అవిశ్వాసంలో ఓడాడు. జూన్‌లో మళ్లీ ఓట్లు, మళ్లీ తబానే!

ఎన్నికల్లో ఓడిన ప్రధానులు గద్దె దిగిపోయారు, అది మాత్రం మెచ్చుకోవాలి. 1998తో పోలిస్తే ఎంతో నయం. కానీ కాడి దించిన ప్రతిసారీ అదును పోతుంది కదా! సైన్యాన్నీ పోలీసులనూ చక్కబెట్టే సంస్కరణలు అలాగే వెనకబడ్డాయి. జనానికీ విసుగొచ్చింది, 2022లో ఓటేసినవాళ్లు నూటికి నలభై మంది కూడా లేరు. జత కట్టేముందే మాట ఖాయం చేసుకోవాలి, ఎద్దులకైనా పార్టీలకైనా.

ఇప్పుడు అట్లాసు తియ్యండి. లెసోతోకి నాలుగు వైపులా ఒకటే దేశం. తబానే అటే ఎందుకు పారిపోయాడో బాబీ చెప్పాలి. ఇలా చుట్టూ ఒకే దేశం ఉన్నవి ప్రపంచంలో ఇంకో రెండున్నాయి, అవి చిన్నీ వెతకాలి. రెండూ ఒకచోటే ఉంటాయి.

మీ తాతయ్య