సైన్యంలోంచి పుట్టిన ఆటకు సైన్యమే బరువు

డంజన్స్ అండ్ డ్రాగన్స్ (డి అండ్ డి) లాంటి, టేబుల్ చుట్టూ కూర్చుని తలా ఒక పాత్రై ఆడే ఆటల్లో కథ ఎప్పుడో ఒకప్పుడు పెద్ద యుద్ధం దగ్గరికి వస్తుంది. అవతల కోటను చుట్టుముట్టిన రెండు వేల మంది ఓర్క్‌లనే రాక్షసులు, ఇవతల ఐదుగురు ఆటగాళ్లు. మామూలు నియమాల ప్రకారం ప్రతి దెబ్బకీ డైస్ వేయాలి. అలా వేస్తూ పోతే మొదటి రౌండ్‌కే తెల్లారిపోతుంది. దీనికి విరుగుడు చెబుతామంటూ యాభై ఏళ్లుగా పుస్తకాలు వస్తూనే ఉన్నాయి. విచిత్రమేమిటంటే, ఈ ఆట పుట్టిందే సైన్యాల ఆటలోంచి.

మూలం ప్రష్యాలో ఉంది. తండ్రి మొదలుపెట్టిన యుద్ధక్రీడకు 1824లో రైస్విట్జ్ అనే యువ సైనికాధికారి పక్కా రూపం ఇచ్చాడు. మ్యాప్ మీద దళాలు, నష్టం తేల్చడానికి డైస్, ఇరుపక్షాల మధ్య తీర్పరిగా ఒక అంపైర్. ఇవాళ ఆట నడిపించే డంజన్ మాస్టర్‌కు ముత్తాత ఆ అంపైరే.

అసలు మలుపు మాత్రం అమెరికాలో. 1969 ప్రాంతంలో మిన్నెసోటాలో డేవిడ్ వెస్లీ నెపోలియన్ కాలం నాటి యుద్ధం ఒకటి ఆడిస్తూ, ఆటగాళ్లలో కొందరికి దళాలు కాకుండా పాత్రలు ఇచ్చాడు: మేయరు, బ్యాంకరు, ఇలా. జనం యుద్ధాన్ని వదిలేసి పాత్రల వెంట పడ్డారు. వాళ్లలో ఒకడైన డేవ్ ఆర్నెసన్ ఆ పద్ధతిని తన ఫాంటసీ లోకం బ్లాక్‌మూర్‌లోకి తెచ్చాడు. 1971లో గారీ గైగాక్స్, జెఫ్ పెరెన్ కలిసి రాసిన చైన్‌మెయిల్ వచ్చింది. అది మధ్యయుగపు యుద్ధాల ఆట, ఒక్కో బొమ్మ ఇరవై మంది సైనికులకు లెక్క. చివర్లో ఫాంటసీ అనుబంధం ఒకటి తగిలించారు. అందులో హీరో అంటే నలుగురు సైనికుల బలం, సూపర్‌హీరో అంటే ఎనిమిది మంది. మాంత్రికుడు విసిరే అగ్నిగోళం రాళ్లు విసిరే పెద్ద యంత్రం, క్యాటపుల్ట్, దెబ్బతో సమానం. అంటే అప్పట్లో వీరుడినీ మంత్రాన్నీ కొలిచింది సైన్యపు కొలతలతోనే.

1974లో గైగాక్స్, ఆర్నెసన్‌ల డంజన్స్ అండ్ డ్రాగన్స్ వచ్చేసరికి ఈ లెక్క తిరగబడింది. నాలుగో స్థాయి యోధుడికి హీరో, ఎనిమిదో స్థాయికి సూపర్‌హీరో అన్న బిరుదులు మిగిలాయి గానీ, కొలమానం ఒంటరి మనిషి అయిపోయాడు. పెద్ద యుద్ధం కావాలంటే చైన్‌మెయిల్ తీయమన్నారు. పై స్థాయికి చేరిన యోధుడు కోట కట్టుకుంటాడు, సైనికులు వచ్చి చేరతారు అని కూడా రాశారు. మరి ఆ సైనికులతో టేబుల్ దగ్గర ఏం చేయాలి? చిక్కంతా అక్కడే మొదలైంది.

1976లో గైగాక్స్ స్వోర్డ్స్ అండ్ స్పెల్స్ రాశాడు. దెబ్బలకు డైస్ లేదు, పట్టికలో సగటు నష్టం చూసుకుని తీసేయడమే. లెక్క సరే, టెన్షన్ ఎక్కడ? 1984లో ఫ్రాంక్ మెంజర్ రాసిన కంపానియన్ సెట్ అనే డి అండ్ డి అనుబంధంలో వార్ మెషీన్ అనే పద్ధతి వచ్చింది. నాయకుడి స్థాయి, శిక్షణ, ఆయుధాలు అన్నీ కలిపి సైన్యానికి ఒక అంకె. ఇరువైపులా దానికి ఒకటి నుంచి నూరు దాకా పడే డైస్ అంకె కలిపితే, తేడాను బట్టి ఎవరు గెలిచారో, ఎందరు పోయారో తేలిపోతుంది. పది నిమిషాల పని. రాజ్యాలు ఏలే ఆటకు ఇంతకంటే చక్కటి పద్ధతి నాకు కనపడలేదు. కానీ ఆ పది నిమిషాలూ వీరుడు చేతులు కట్టుకుని చూస్తుంటాడు. మరుసటి ఏడాది డగ్లస్ నైల్స్ బ్యాటిల్‌సిస్టమ్ ఏకంగా పెట్టె నిండా అట్టముక్కల దళాలతో వచ్చింది. బొమ్మల యుద్ధం ఇష్టపడేవాళ్లకు పండగే, కథ కోసం కూర్చున్నవాళ్లకు మాత్రం మధ్యలో వేరే ఆట నేర్చుకోవాల్సిన పని.

అదే 1985లో గ్రెగ్ స్టాఫర్డ్ రాసిన పెండ్రాగన్ దారి మార్చింది. ఆర్థర్ రాజు కాలపు యుద్ధంలో ఆటగాడు ఒక నైట్ మాత్రమే. సైన్యం గతి సేనానుల నైపుణ్యం మీద నడుస్తుంది, అతనికి మాత్రం తన ఎదురుగా ఉన్న శత్రువే లోకం. నా దృష్టిలో సమస్యను సరిగ్గా పట్టుకున్నది ఈ ఆటే. ఆటగాడు సేనానా, సైనికుడా అన్నది ముందే తేల్చేసింది. 2005లో హీరోస్ ఆఫ్ బ్యాటిల్ అనే డి అండ్ డి పుస్తకం కూడా ఈ బాటే పట్టింది: వంతెన పడగొట్టడం, శత్రు సేనానిని చంపడం లాంటి పనులకు పాయింట్లు, వాటిని బట్టి యుద్ధ ఫలితం.

2014 నాటి డంజన్ మాస్టర్స్ గైడ్‌లో ఒక చిన్న పట్టిక ఉంది, చాలామంది దాన్ని పట్టించుకోరు. గుంపు దాడికి డైస్ అక్కర్లేదు. తగలాలంటే ఇరవై ముఖాల డైస్ మీద 13 లేదా 14 పడాల్సి ఉంటే ముగ్గురికో దెబ్బ, 19 అయితే పదిమందికో దెబ్బ, 20 అయితే ఇరవై మందికో దెబ్బ. గట్టి కవచమున్న వీరుడి మీద 20 పడితే తప్ప తగలదనుకుంటే, వందమంది విలుకాళ్లు కలిసి కొట్టినా రౌండ్‌కు ఐదు దెబ్బలే. అర నిమిషంలో తేలిపోతుంది.

2022లో డ్రాగన్‌లాన్స్ సాహసం (డి అండ్ డిలో ఆడించడానికి సిద్ధంగా రాసిన కథ) వచ్చినప్పుడు యుద్ధాల కోసం విడిగా ఒక బోర్డ్ గేమ్ అమ్మారు. అది కొననివాళ్ల కోసం సాహసంలోనే ఇంకో ఏర్పాటు ఉంది: మ్యాప్ మధ్యలో వీరుల పోరాటం, అంచుల్లో రెండు సైన్యాల తొక్కిసలాట, అటు వెళ్లినవాడికి దెబ్బ తప్పదు. ఆ అంచుల్లో ఎందరున్నారో ఎవరూ లెక్కపెట్టక్కర్లేదు.