గోడలోంచి రాలే ఉప్పు

కింది అంతస్తు ఇళ్లలో గోడ అడుగున రంగు పొక్కి తెల్లటి పొడి రాలుతుంటే ముందుగా పెయింటరుకే కబురు వెళుతుంది. అతను గీకి, పుట్టీ పెట్టి, రెండు కోట్లు వేసి పోతాడు. వానాకాలం దాటేసరికి మళ్లీ అదే పొక్కు. రంగుది తప్పు కాదు. నీళ్లు నేలలోంచి వస్తున్నాయి.

ఇటుకలో, సిమెంటు పూతలో కంటికి కనబడనంత సన్నని రంధ్రాలుంటాయి. అలాంటి రంధ్రాల్లో నీరు తనంతట తానే పైకి పాకుతుంది. రంధ్రం ఎంత సన్నమైతే అంత ఎత్తుకు. వ్యాసార్ధం మిల్లీమీటరులో నూరోవంతు ఉంటే, లెక్క ప్రకారం సుమారు 1.5 మీటర్లు ఎక్కగలదు. గోడల్లో మాత్రం తరచుగా మీటరు ఎత్తు దగ్గరే ఆగుతుంది, ఎక్కినది ఎక్కినట్టు ఆవిరైపోతుంది కాబట్టి.

అసలు నష్టం ఆ ఆవిరయ్యే చోటే. నీరు గాలిలో కలిసిపోతుంది, అది మోసుకొచ్చిన లవణాలు గోడలో మిగిలిపోతాయి. పైకి తేలినవి ఆ తెల్లటి పొడి, చీపురుతో దులిపితే పోతుంది. పూత లోపల స్ఫటికాలుగా గడ్డకట్టినవి మాత్రం రంధ్రాలను లోపలినుంచి నెట్టి పగలగొడతాయి. వీటిలో సోడియం సల్ఫేట్ మహా మొండిది. తేమ తగిలితే పది నీటి అణువులను కలుపుకొని మూడు రెట్లకు పైగా ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది, మళ్లీ ఉబ్బుతుంది. వేలితో కొడితే గోడ డొల్లగా మోగేది అందుకే. లోపలివైపు వాటర్‌ప్రూఫ్ రంగు వేయించడం నా దృష్టిలో డబ్బు దండగ. ఆవిరయ్యే దారి మూసుకుపోయి చెమ్మ ఇంకా పైకి ఎక్కుతుంది.

స్లాబు పెచ్చులూడటానికి కారణం వేరు. కొత్త కాంక్రీటు పీహెచ్ 12 దాటి ఉంటుంది. అంత క్షారంలో ఇనుప చువ్వలకు తుప్పు పట్టదు. ఏళ్లు గడిచేకొద్దీ గాలిలోని కార్బన్ డయాక్సైడ్ ఆ క్షారాన్ని తగ్గిస్తుంది. ఆపైన బాత్‌రూము నీరు ఊరుతూ ఉంటే తుప్పు మొదలై, అది తినేసిన ఇనుము కన్నా రెండు నుంచి ఆరు రెట్ల చోటు ఆక్రమించి కాంక్రీటును కిందికి తోసేస్తుంది. అన్నట్టు, ఫ్యాను కొక్కెం దగ్గర చుక్కలు పడుతుంటే సరిగ్గా దాని పైనే చిల్లు ఉందనుకోకండి. వైర్ల పైపు వెంట నీరు చాలా దూరం నడుస్తుంది.

చెమ్మ గోడదో గదిలోని గాలిదో తేలకపోతే, చపాతీలు చుట్టే అల్యూమినియం రేకును గోడకు నాలుగు అంచులా టేపుతో అతికించి ఒకటి రెండు రోజులు వదిలేయండి. రేకు పైన తడి కనిపిస్తే అది గాలిలోని తేమ, కిటికీలు తెరిస్తే చాలావరకు తగ్గుతుంది. రేకు వెనక తడి ఉంటే మేస్త్రీని పిలవాలి.