మీసాలో ఇంటిపోరు: సెనేట్ అధ్యక్షుణ్ని దించేసిన రీకాల్

అరిజోనాలో వలసల చట్టం మీద రగడ మొదలైన ప్రతిసారీ రస్సెల్ పియర్స్ పేరు మళ్లీ పైకొస్తుంది. సరిహద్దు అక్రమంగా దాటడాన్ని రాష్ట్ర నేరంగా మార్చే ప్రతిపాదన 314కు 2024 నవంబరులో అక్కడి ఓటర్లే భారీ మెజారిటీతో ఆమోదం తెలిపారు. స్థానిక పోలీసులు ఫెడరల్ వలస అధికారులకు సహకరించి తీరాలంటూ సెనేట్ అధ్యక్షుడు వారెన్ పీటర్సన్ తెచ్చిన బిల్లును 2025 ఏప్రిల్‌లో గవర్నర్ కేటీ హాబ్స్ వీటో చేశారు. ఇదే కుర్చీలో కూర్చుని, ఇదే రకం బిల్లులు తెచ్చి, పదవీకాలం మధ్యలోనే రీకాల్‌తో, అంటే గెలిచిన నేతను గడువు తీరకముందే ఓటర్లు దించేసే ప్రత్యేక ఎన్నికతో, ఇంటికెళ్లిన నాయకుడు పియర్స్. అతన్ని దించింది ఎవరన్న వాదన మాత్రం ఇంకా తెగలేదు.

పియర్స్ తెచ్చిన ఎస్‌బీ 1070 బిల్లు గురించి ఇక్కడ కొత్తగా చెప్పాల్సింది పెద్దగా లేదు. అనుమానం వస్తే పోలీసులు వలస పత్రాలు అడగాలన్న ఆ చట్టం మీద 2010 ఏప్రిల్‌లో గవర్నర్ జాన్ బ్రూయర్ సంతకం చేయడం, దేశమంతా గగ్గోలు పుట్టడం తెలిసిన సంగతులే. రిజిస్ట్రేషన్ పత్రాలు వెంట లేకపోవడాన్నే రాష్ట్ర నేరంగా మార్చే సెక్షన్ కూడా అందులో ఉంది. చాండ్లర్, గిల్బర్ట్‌ల చుట్టుపక్కల వీసాల మీద ఉన్న మన తెలుగువాళ్లూ దాని పరిధిలోకి వచ్చేవాళ్లే. ఆ సెక్షన్‌ను 2010 జులైలోనే ఫెడరల్ జడ్జి నిలిపేశారు.

ఆ చట్టమే పియర్స్ కొంప ముంచిందని చాలామంది రాస్తారు. తేదీలు చూస్తే ఆ మాట నిలవదు. చట్టం వచ్చిన ఆరు నెలలకే, 2010 నవంబరులో, అతని నియోజకవర్గమున్న మీసా నగర ఓటర్లు అతన్ని సునాయాసంగా గెలిపించారు. 2011 జనవరిలో తోటి రిపబ్లికన్లు సెనేట్ అధ్యక్ష పదవిలో కూర్చోబెట్టారు. అప్పటికి అరిజోనాలో అతని మాటకు ఎదురు లేదు.

బీటలు వారింది మార్చిలో. పత్రాలు లేని తల్లిదండ్రులకు అమెరికాలో పుట్టిన పిల్లల పౌరసత్వాన్ని సవాలు చేసేవి, ఆసుపత్రుల్లో రోగుల వలస హోదా ఆరా తీయాలనేవి, ఇలా ఐదు బిల్లులు మార్చి 17న సెనేట్ ముందుకు వచ్చాయి. అంతకుముందే 60 కంపెనీల అధిపతులు పియర్స్‌కు ఉమ్మడి లేఖ రాశారు. ఎస్‌బీ 1070కు నిరసనగా బయటివాళ్లు అరిజోనాను బహిష్కరించడంతో వ్యాపారం దెబ్బతింది, ఇక చాలించండి అన్నది దాని సారాంశం. ముప్పై మంది సభ్యుల సెనేట్‌లో రిపబ్లికన్లు 21 మంది. అయినా ఐదు బిల్లులూ ఓడిపోయాయి. అంటే అధ్యక్షుడి బిల్లులను పడగొట్టింది సొంత పార్టీ ఓట్లే.

దీనికి మూలం మాత్రం చర్చిలో ఉందని నా అంచనా. మీసాను 1878లో స్థాపించిందే మోర్మన్లు, అంటే అమెరికాలోనే పుట్టిన ఓ క్రైస్తవ శాఖవాళ్లు. పియర్స్ మోర్మన్. అతని గెలుపులో ఆ సంఘానిది పెద్ద వాటా. 2010 నవంబరు 11న పక్క రాష్ట్రం యూటాలో వ్యాపారులు, మత పెద్దలు, నాయకులు కలిసి ‘యూటా కాంపాక్ట్’ అనే ప్రకటన మీద సంతకాలు చేశారు. కుటుంబాలను విడదీయొద్దు, వలస సమస్య తేల్చాల్సింది ఫెడరల్ ప్రభుత్వమే అన్నది దాని ధోరణి. మోర్మన్ చర్చి సంతకం పెట్టలేదు గానీ బాహాటంగా సమర్థించింది. చట్టాన్ని పాటించమనే కదా మన మతం చెప్పేది అంటూ వచ్చిన పియర్స్‌కు ఇది ఇంట్లోనే ఎదురైన ఇరకాటం. 2011 జూన్ 10న చర్చి ఇంకో అడుగు వేసి, వలసదారులను మూకుమ్మడిగా వెళ్లగొట్టే విధానాల పట్ల ఆందోళన ఉందని అధికారికంగా ప్రకటించింది. అప్పటికి పియర్స్‌ను రీకాల్ చేయాలని కోరే సంతకాల కట్టలు ప్రభుత్వ కార్యాలయానికి చేరి పది రోజులైంది.

ఆ సంతకాల పని జనవరి చివర్లో మొదలైంది. ‘సిటిజన్స్ ఫర్ ఎ బెటర్ అరిజోనా’ పేరిట కార్మిక సంఘాల్లో పనిచేసిన డెమొక్రాట్ రాండీ పరాజ్ దాన్ని నడిపించారు. ఛైర్మన్‌గా కూర్చున్న చాడ్ స్నో మాత్రం రిపబ్లికన్ లాయరు, పైగా మోర్మన్. ఈ జోడీ కుదరకపోతే మీసాలో తలుపు తట్టినా తీసేవాళ్లు కాదు. గత ఎన్నికలో పోలైన ఓట్లలో నాలుగోవంతు, అంటే 7,756 సంతకాలు, 120 రోజుల్లో రావాలి. మే 31న 18 వేల పైచిలుకు ఇచ్చారు. సంతకాలను జాబితాతో సరిచూసి, నియోజకవర్గం బయటివాళ్లవీ ఓటరుగా నమోదు కానివాళ్లవీ కొట్టేయగా 10,365 నిలిచాయి.

ఈ రీకాల్ హక్కు కోసం అరిజోనా రాష్ట్రంగా పుట్టకముందే కొట్లాడింది. జడ్జీలను కూడా రీకాల్ చేయొచ్చన్న నిబంధన ఉందని 1911లో అధ్యక్షుడు టాఫ్ట్ రాష్ట్ర హోదా తీర్మానాన్ని వీటో చేశారు. వాళ్లు ఆ ముక్క తీసేసి, 1912లో రాష్ట్ర హోదా తెచ్చుకుని, అదే ఏడాది మళ్లీ చేర్చుకున్నారు. (గెలిచిన మర్నాడే కండువా మార్చినా ఐదేళ్లు భరించే మనకు ఇది కాస్త అసూయ పుట్టించే సంగతి.) ఇందులో అసలు కిటుకు వేరు. రీకాల్‌కు పార్టీ ప్రైమరీ (పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ముందస్తు ఎన్నిక) ఉండదు, పోటీదారులందరూ ఒకే బ్యాలెట్ మీద ఉంటారు. డెమొక్రాట్లు తమ మనిషిని నిలబెట్టలేదు. బరిలోకి దిగిన జెర్రీ లూయిస్ కూడా రిపబ్లికనే. బడులు నడిపే సంస్థలో అధికారి, గతంలో పలు చర్చి సంఘాలకు పెద్దగా ఉన్న మోర్మన్. పియర్స్‌కు ఓటు వేయకపోతే మతానికీ పార్టీకీ ద్రోహం చేసినట్టే అన్న భయం దీంతో పోయింది.

ఆ తర్వాత జరిగింది తెలుగు ఓటరుకు వివరించి చెప్పనక్కర్లేదు: డమ్మీ అభ్యర్థి. ఓ లాటినో (లాటిన్ అమెరికా మూలాలున్న) మహిళ పేరు మూడో అభ్యర్థిగా వచ్చింది. ఆమె ప్రచారానికి రాలేదు. వీధుల్లో మాత్రం ‘సీ సే ప్వేదే’ (అవును, సాధ్యమే) అనే స్పానిష్ నినాదంతో ఆమె బోర్డులు వెలిశాయి. ఆమెకు నామినేషన్ సంతకాలు సేకరించినవాళ్లలో పియర్స్ అన్న కూతుళ్లో తమ్ముడి కూతుళ్లో ఇద్దరున్నట్టు బయటపడింది. లాటినో ఓట్లు చీల్చడానికి పియర్స్ మద్దతుదారులే ఆమెను నిలబెట్టారని జడ్జి అన్నారు, కానీ ఆమె తప్పు రుజువు కాలేదని పేరు తీసేయలేదు. రెండో విచారణకు ముందు, అక్టోబరులో, ఆమె తప్పుకున్నారు. పేరు బ్యాలెట్ మీద అలాగే ఉండిపోయింది.

పియర్స్ వైపు వాదన ఇది: బయటి వామపక్షాలు, యూనియన్లు కలిసి చేసిన పని, తాను మాట తప్పలేదు, చెప్పిందే చేశానని. షెరీఫ్ శాఖలో, అంటే కౌంటీ పోలీసుల్లో, పనిచేసి తూటా దెబ్బ తిన్నవాడు, అక్కడే డిప్యూటీగా ఉన్న కొడుకు మీద పత్రాలు లేని వ్యక్తి కాల్పులు జరిపితే చూసినవాడు. అతని పట్టుదల నటన కాదు. ఎన్నికను ఆపాలని వేసిన కేసు మాత్రం రాష్ట్ర సుప్రీంకోర్టు దాకా వెళ్లి వీగిపోయింది.

నవంబరు 8న లూయిస్ పది శాతానికి మించిన తేడాతో గెలిచారు. ప్రచార ఖర్చులో పియర్స్‌దే పైచేయి అయినా ఫలితం మారలేదు. అరిజోనాలో రీకాల్‌కు గురైన తొలి శాసనసభ్యుడు అతనే.

బయటివాళ్ల కుట్రే అయితే తర్వాతి ఏడాది తేలిపోవాలి. 2012 ఆగస్టులో పియర్స్ మళ్లీ దిగారు, ఈసారి మీసాలోనే రిపబ్లికన్ ప్రైమరీలో. అందులో నమోదైన డెమొక్రాట్లకు ఓటే లేదు. స్కైమాల్ సంస్థను స్థాపించిన బాబ్ వోర్స్‌లీ అనే వ్యాపారి అతన్ని తేలిగ్గా ఓడించారు. ఆయనా రిపబ్లికన్, ఆయనా మోర్మనే.