ఏడున్నర సెంటీమీటర్లకో నల్ల చుక్క: టోనర్ కార్ట్రిడ్జ్ కథ

మా బావకి డిగ్రీ కాలేజీ ఎదురుగా జిరాక్స్ షాపుంది. ఓసారి హాల్‌టికెట్ల సీజన్లో ప్రింటు తీసిన ప్రతి పేజీ మీదా నల్ల చుక్కలు పడ్డాయి, పైనుంచి కిందకి ఒకే వరసలో నాలుగు. రీఫిల్ చేయించి వారం కూడా కాలేదు, దొంగ పొడి పోశాడని బావ గోల. రీఫిల్ కుర్రాడొచ్చి పేజీ చూసి "అన్నా, స్కేలుందా" అన్నాడు. చుక్కకీ చుక్కకీ మధ్య కొలిస్తే ఏడున్నర సెంటీమీటర్లు. "పొడి కాదన్నా, డ్రమ్ము పోయింది" అన్నాడు, ప్రింటర్ మూత కూడా తెరవకుండా.

మంత్రమేం కాదు అది. బావ వాడేది కెనాన్ ఎల్‌బీపీ 2900 అనే లేజర్ ప్రింటర్, మన ఊళ్లలో సగం జిరాక్స్ షాపుల్లో కనిపించేదే. అందులో హెచ్‌పీ 12ఏ కార్ట్రిడ్జ్, అంటే టోనర్ పొడి ఉండే పెట్టె, పడుతుంది (కెనాన్ వాళ్ల 303 కూడా దాదాపు అదే, హెచ్‌పీ లేజర్‌జెట్లలో చాలావాటికి లోపలి ఇంజన్ కెనాన్‌దే కదా). దాని డ్రమ్ (పొడిని అంటించుకుని కాగితం మీదకి దించే గుండ్రటి గొట్టం) వ్యాసం 24 మిల్లీమీటర్లు, అంటే చుట్టుకొలత 75. డ్రమ్ మీద ఒక్కచోట గీత పడిందనుకోండి, డ్రమ్ ఒక చుట్టు తిరిగినప్పుడల్లా ఆ మచ్చ కాగితం మీద దిగుతుంది. ఏ4 పొడవు 297 మిల్లీమీటర్లు కాబట్టి పేజీకి నాలుగు. మిగతా రోలర్ల చుట్టుకొలతలు వేరు, వాటి మచ్చల దూరమూ వేరే.

మనం టోనర్ అనగానే ఇంకు సీసా లాంటిదేదో అనుకుంటాం, అయిపోతే నింపుకోవడమే అని. అసలు చిక్కంతా అక్కడే. 12ఏ లాంటి కార్ట్రిడ్జ్‌లో పొడి ఒక భాగం మాత్రమే, డ్రమ్, దానికి కరెంటు పట్టించే పీసీఆర్ రోలర్, పొడిని మోసే మ్యాగ్నెటిక్ రోలర్, పొడి పొరని సమం చేసే డాక్టర్ బ్లేడ్, మిగిలింది గీకేసే వైపర్ బ్లేడ్, ఆ గీకింది పడే వేస్ట్ డబ్బా, ఇవన్నీ ఆ నల్ల పెట్టెలోనే ఉంటాయి. అంటే ప్రింటర్‌లో అరిగిపోయే సామానంతా చాలావరకు ఆ పెట్టెలో పెట్టేసి, పెట్టె మారిస్తే చాలు మెకానిక్ అక్కర్లేదు అన్నారు. 1984లో హెచ్‌పీ మొదటి లేజర్‌జెట్ వచ్చింది ఇలా కెనాన్ ఇంజన్, కెనాన్ కార్ట్రిడ్జ్ తోనే.

పని చేసే తీరు సరదాగా ఉంటుంది. పీసీఆర్ రోలర్ డ్రమ్ పైపొరకి మైనస్ ఆరొందల వోల్టుల దరిదాపుల్లో స్టాటిక్ కరెంటు పట్టిస్తుంది. ఆ పొర చీకట్లో కరెంటుని పట్టి ఉంచుతుంది, వెలుతురు తగిలినచోట వదిలేస్తుంది. లేజర్ కిరణం అక్షరాలు ఎక్కడ రావాలో అక్కడ మాత్రమే తాకుతుంది, టోనర్ పొడి కూడా మైనస్ చార్జ్‌తోనే ఉంటుంది కాబట్టి మిగతా డ్రమ్ అంతా దాన్ని నెట్టేస్తుంది, లేజర్ తాకినచోటే పొడి అంటుకుంటుంది. కాగితం వెనకనుంచి ప్లస్ చార్జ్ ఇస్తే పొడి కాగితం మీదకి దూకుతుంది. తర్వాత 200 డిగ్రీల సెల్సియస్ దగ్గర్లో వేడిగా ఉండే ఫ్యూజర్ దాన్ని కరిగించి కాగితానికి అతికిస్తుంది. అందుకే కాగితం అప్పుడే పెనం మీంచి తీసిన దోసెలా వెచ్చగా వస్తుంది.

కరిగించడమేంటి అంటే, టోనర్ ఇంకు కాదు, ప్లాస్టిక్. స్టైరీన్ అక్రిలేట్ గానీ పాలిఎస్టర్ గానీ రెసిన్, నలుపుకి కార్బన్ బ్లాక్, కొంచెం మైనం, చార్జ్ సరిగ్గా పట్టడానికి కొన్ని రసాయనాలు. ఒక్కో రేణువు ఐదు నుంచి పది మైక్రాన్లు (మిల్లీమీటర్లో వెయ్యో వంతు ఒక మైక్రాన్).

దీనికంతటికీ మూలం 1938 అక్టోబర్ 22న న్యూయార్క్‌లోని ఆస్టోరియాలో ఒక చిన్న అద్దె గదిలో జరిగింది. చెస్టర్ కార్ల్‌సన్ ఒక కంపెనీ పేటెంట్ల విభాగంలో పనిచేసేవాడు, కాపీలు రాసీ రాయించీ విసిగిపోయాడు. సహాయకుడు ఓటో కోర్నీతో కలిసి గంధకం పూసిన జింక్ రేకుని జేబురుమాలుతో రుద్ది, "10-22-38 ఆస్టోరియా" అని రాసిన గాజుపలక దానిమీద పెట్టి లైటు వేసి, తీశాక లైకోపోడియం అనే మొక్క పొడి చల్లి ఊదితే అక్షరాలు మిగిలాయి, మైనపు కాగితం మీదకి దించుకున్నారు. తర్వాత పెద్ద పెద్ద కంపెనీలే వద్దన్నాయి, చివరికి హాలాయిడ్ అనే చిన్న కంపెనీ తీసుకుంది, అదే తర్వాత జిరాక్స్ అయింది. గ్రీకులో జీరోస్ అంటే పొడి, తడి లేనిది అన్నమాట, జిరోగ్రఫీ అంటే పొడిరాత. ఆ పద్ధతికే లేజర్ తగిలించింది అదే కంపెనీలో పనిచేసిన గ్యారీ స్టార్క్‌వెదర్. కాబట్టి మనవాళ్లు ప్రింటౌట్‌ని కూడా జిరాక్స్ అంటుంటే నవ్వక్కర్లేదు, లోపల జరిగేది అదే.

సరే, ఏది కొనాలి. మొదట డబ్బా మీది పేజీల లెక్క. 12ఏ మీద 2000 పేజీలు అనుంటుంది. ఆ లెక్క పేజీలో ఐదు శాతమే నలుపు ఉంటుందన్న లెక్క, అంటే మధ్యలో ఖాళీలున్న పల్చటి ఉత్తరం లాంటిది. ఇప్పుడు కొలవడానికి ఐఎస్‌ఓ 19752 అనే పద్ధతుంది, అందులో అందరూ ఒకే టెస్ట్ పేజీ ప్రింటు చేసి కొలుస్తారు. మన దగ్గర ఎవడు ఉత్తరాలు తీస్తున్నాడు, ఆధార్, ఫొటో ఉన్న హాల్‌టికెట్, బోల్డ్ అక్షరాల దరఖాస్తు, ఇవే కదా. పేజీ ఇరవై శాతం నల్లగా ఉంటే ఆ 2000 కాస్తా 500 అయిపోతుంది. "పొడి మోసం" అని గొడవపడే ముందు ఏం ప్రింటు తీశామో చూసుకోవాలి. కొత్త ప్రింటర్‌తో వచ్చే స్టార్టర్ కార్ట్రిడ్జ్‌లో పొడి తక్కువే పోస్తారు, అదీ గుర్తుంచుకోండి.

రెండోది, పొడి అంతా ఒకటే కాదు. 12ఏ పొడిలో ఇనుప ఆక్సైడ్ ఉంటుంది, కాగితం మీద కొంచెం వేసి కింద అయస్కాంతం జరిపితే పొడి దానివెంటే కదులుతుంది. బ్రదర్ ప్రింటర్ల పొడికి అలా ఉండదు, వాటిలో మ్యాగ్నెటిక్ రోలర్ లేదు. ఒకదాని పొడి ఇంకోదానిలో పోస్తే అసలు రోలరే పట్టుకోదు. కరిగే వేడి కుదరకపోతే అక్షరాలు వేలితో రుద్దితే వచ్చేస్తాయి.

నన్నడిగితే 12ఏ లాంటివి రెండు మూడుసార్లు రీఫిల్ హాయిగా చేయించొచ్చు, కార్ట్రిడ్జ్‌ని ప్రింటర్ గుర్తుపట్టడానికి పెట్టే చిప్ కూడా వీటిలో లేదు కాబట్టి గొడవ లేదు. కానీ రీఫిల్ చేసేవాడు వేస్ట్ డబ్బా ఖాళీ చేస్తున్నాడా లేదా చూడండి, కొందరు ఆ వేస్ట్ పొడినే మళ్లీ పోసేస్తారు, అందులో కాగితం దుమ్ము ఉంటుంది. డ్రమ్‌ని ఎండలో పెట్టి కబుర్లు చెప్పేవాడి దగ్గర చేయించకండి, వెలుతురుకి ఆ పొర పాడవుతుంది. నిలువునా తెల్లటి పట్టీ వస్తే పొడి తక్కువ, తీసి అటూ ఇటూ ఊపితే కొన్ని పేజీలొస్తాయి. నిలువు నల్ల గీత అయితే వైపర్ బ్లేడో డ్రమ్మో అరిగింది, ఎంత మంచి పొడి పోసినా ఆ గీత పోదు.

రోజుకి వందల పేజీలు తీసేవాళ్లు డ్రమ్ విడిగా ఉండే రకం చూసుకోవాలి. బ్రదర్‌లో టీఎన్ 2365 టోనర్ 2600 పేజీలకి, డ్రమ్ 12,000 పేజీలకి, పొడి అయిందని డ్రమ్ పారేయక్కర్లేదు. కొత్త ప్రింటర్లు కొనేముందు చిప్ సంగతి కనుక్కోండి, కొన్ని అప్‌డేట్ అయ్యాక బయటి కార్ట్రిడ్జ్‌ని ఒప్పుకోవు. అమెరికాలో లెక్స్‌మార్క్ అనే ప్రింటర్ కంపెనీ కేసులో 2017 మేలో సుప్రీంకోర్టు, అమ్మేశాక కార్ట్రిడ్జ్ మీద కంపెనీకి పేటెంట్ హక్కు ఉండదని చెప్పింది, కానీ చిప్‌కి కోర్టు తీర్పు అర్థం కాదుగా.

పొడి బట్టల మీద పడితే వేడినీళ్లు పోయొద్దు, ప్లాస్టిక్ కదా, అక్కడే అతుక్కుపోతుంది. దులిపి చన్నీళ్లతో కడగాలి.

బావ ఇప్పుడు రెండు 12ఏలు పెట్టుకుని, రీఫిల్ చేయించినప్పుడల్లా పెట్టె పక్కన మార్కర్‌తో ఒక గీత గీస్తున్నాడు, మూడో గీతకి డ్రమ్మూ బ్లేడూ మార్పిస్తాడు. మొన్న వెళ్తే ఒకదానికి రెండు గీతలున్నాయి. కౌంటర్ మీద పెన్నుల డబ్బాలో ఒక స్కేలు కూడా ఉంది.